బొమ్మల్లో నేను – 3వ పాఠం: ఒంటి రంగు కలపడం

పోయిన పాఠంలో పిల్లలచేత వాళ్ల పేరులోని మొదటి అక్షరాన్ని పెద్దగా గీయించి, అందులో ఇష్టమైనవి నింపించారు కదా. ఈసారి వాళ్ల ముఖం. గీయడం కంటే రంగు వేయడమే ఇక్కడ అసలు పని.

క్రేయాన్ల పెట్టె తెరిచి "స్కిన్ కలర్ ఏది?" అని అడిగి చూడండి. లేత గులాబీ వన్నెది ఎత్తి చూపిస్తారు. ఆ గదిలో ఆ రంగు ఒళ్లు ఒక్కరికీ ఉండదు. అమెరికాలో క్రేయోలా కంపెనీ 'ఫ్లెష్' (ఒంటి రంగు) అనే క్రేయాన్ పేరును 1962లోనే 'పీచ్' అని మార్చేసింది. 2020లో 24 ఒంటి రంగుల పెట్టె కూడా తెచ్చింది. మన క్లాసుల్లో మాత్రం టీచర్లే ఇంకా 'స్కిన్ కలర్' అంటున్నారు. ముందు మనం మానేద్దాం.

పోస్టర్ కలర్స్‌లో ఎరుపు, పసుపు, నీలం, తెలుపు చాలు. నలుపు సీసా బల్ల మీద పెట్టొద్దు. అది కలిస్తే రంగు బూడిదలా చచ్చిపోతుంది.

పాత సీసా మూతలో రెండు చుక్కల పసుపు, ఒక చుక్క ఎరుపు వేసి కలపండి. నారింజ వస్తుంది. ఇప్పుడు ఐస్‌క్రీమ్ పుల్ల మొనతో నీలం, చాలా కొంచెం. గోధుమరంగు తేలుతుంది. ఆకుపచ్చగా తిరిగితే ఎరుపు, ఊదాగా తిరిగితే పసుపు కలపాలి. లేత కావాలంటే తెలుపు, ముదురు కావాలంటే ఇంకాస్త ఎరుపు, నీలం. కాగితం పట్టీకి రాసి, పూర్తిగా ఆరనిచ్చి, కిటికీ దగ్గర మణికట్టు పక్కన పెట్టి చూడమనండి. తడిలో కనిపించిన రంగు ఆరాక మారుతుంది.

ముందు మీ రంగు మీరే అందరి ఎదుటా కలపండి. ఇది తప్పించుకోకండి. టీచర్ తన చెయ్యి చాపి "ఇంకా రాలేదర్రా, ఏం కలపను?" అని అడిగితే సగం బెరుకు అక్కడే పోతుంది.

తర్వాత ఆ రంగుకి పేరు పెట్టించండి. తెలుపు, నలుపు, చామనచాయ అనే మాటలు ఆ పూటకి వద్దు. విశాఖలో ఒకే బెంచీ మీద జాలరిపేట పిల్లలు, స్టీల్ ప్లాంట్ ఉద్యోగాలకి వచ్చిన ఒడియా, బెంగాలీ ఇళ్ల పిల్లలు, మన్యం నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాళ్లు కూర్చుంటారు. తడిసిన తెప్ప, తాటిబెల్లం, భీమిలి ఎర్రమట్టి దిబ్బలు, ఏటికొప్పాక బొమ్మ: ఎవరికి దగ్గరైనది వాళ్లు తెచ్చుకుంటారు. పేరు మీరు అందించకండి, ఆలస్యమైనా ఆగండి.

ఎవరో ఒకరు తెల్లగా కనబడాలని తెలుపు గుమ్మరిస్తూనే ఉంటారు. తప్పని అనొద్దు, ఆ కాగితం మీద మీ చెయ్యి పెట్టొద్దు. "చేతి పక్కన పెట్టి చూడమ్మా, దగ్గరికొచ్చిందా?" అని ఒక్కసారి అడిగి ఊరుకోండి. అయినా తెల్లగానే వేస్తే వేయనివ్వండి. ఆ కోరిక ఇంట్లో, పెళ్లి మాటల్లో, టీవీ క్రీముల ప్రకటనల్లో ఎన్నేళ్లుగానో నాటుకున్నది, ఒక పీరియడ్‌లో పోదు. పక్కవాడు వెక్కిరిస్తే మాత్రం వెంటనే పని ఆపించి మాట్లాడండి.

వచ్చే పాఠంలో ఈ పట్టీలతోనే ముఖం పూర్తి చేయిస్తాం. ఈలోగా మీ రంగు, మీ ఇంట్లో ఇంకొకరి రంగు కలిపి, ఏది ఎన్ని చుక్కలు పట్టిందో నోట్‌బుక్‌లో రాసుకోండి.