తుఫాను గాలికి కదలని 3 కిలోవాట్ల ఇంటి సోలార్: పర్లాకిమిడి, బరంపురం వైపు వాళ్లకు

టీపీఎస్‌ఓడీఎల్ (దక్షిణ ఒడిశా కరెంటు పంపిణీ సంస్థ) కనెక్షన్ ఉన్న ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టిస్తే పీఎం సూర్యఘర్ పథకం కింద కేంద్రం 78,000 రూపాయలు ఇస్తుంది. ఒడిశా ప్రభుత్వం మరో 60,000 కలుపుతుంది. దాంతో అందరూ ఏ కంపెనీ ప్యానెల్ మంచిదని అడుగుతున్నారు. ఫైలిన్, తిత్లీ తుఫాన్లు చూసిన ఊళ్లలో ముందు అడగాల్సింది, దాన్ని శ్లాబుకు ఎలా బిగిస్తారని.

దరఖాస్తుకు ముందు కరెంటు బిల్లు, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం పక్కపక్కన పెట్టి చూడండి. బిల్లు ఇంకా తాతగారి పేరు మీదే ఉండటం, ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక ఉండటం మనవాళ్లలో మామూలే. సబ్సిడీ ఆగేది అక్కడే. పేరు మార్పు ముందే చేయించి, ఆ తర్వాతే పీఎం సూర్యఘర్ జాతీయ పోర్టల్‌లో నమోదు చేసుకోండి. అక్కడ నమోదైన వెండరుకే పని ఇవ్వాలి. సెల్స్ కూడా దేశంలోనే తయారైన డీసీఆర్ ప్యానెళ్లని కొటేషన్‌లో రాయించుకోండి, లేకపోతే సబ్సిడీ రాదు.

3 కిలోవాట్లకు 550 వాట్ల ప్యానెళ్లు ఆరు చాలు. నడిచే దారితో కలిపి సుమారు 300 చదరపు అడుగుల డాబా కావాలి. ముఖం దక్షిణానికి. దక్షిణాన ట్యాంకుగానీ పిట్టగోడగానీ ఉంటే దాని ఎత్తుకు రెట్టింపు దూరం వదలండి. డిసెంబరులో నీడ బాగా సాగుతుంది. ఆరూ ఒకే వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒక్కదాని మీద కొబ్బరిమట్ట నీడ పడినా మొత్తం ఉత్పత్తి దెబ్బతింటుంది.

ఇక బిగింపు. గంటకు 200 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు 180 కేజీలకు పైగా ఒత్తిడి తెస్తుంది. ఆరు ప్యానెళ్ల వైశాల్యం 15 చదరపు మీటర్ల పైనే, అంటే రెండున్నర టన్నులు దాటుతుంది. ప్యానెళ్ల బరువు చూస్తే అన్నీ కలిపి 170 కేజీల చుట్టూ. కింద దూరిన గాలి వాటిని పైకి లేపుతుంది. అందుకే ఊరికే సిమెంటు దిమ్మెల మీద కూర్చోబెట్టే స్ట్రక్చర్‌కు ఒప్పుకోకండి. ప్రతి కాలూ కెమికల్ యాంకర్ బోల్టులతో (రంధ్రంలో జిగురు రసాయనం నింపి బిగించేవి) శ్లాబులోకి దిగాలి. బోల్టు చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ చేసి, దాని మీద కాంక్రీటు దిమ్మె పోయించండి. లేకపోతే మొదటి వానకే శ్లాబు కారుతుంది. కింద బట్టలు ఆరేసుకోవచ్చని ఎనిమిది అడుగుల ఎత్తు లేపించడం ఇప్పుడొక అలవాటైంది. ఈ ప్రాంతంలో అది వద్దు. వాలు 10 నుంచి 15 డిగ్రీలు చాలు. మన అక్షాంశానికి 18, 19 సరిపోతుందంటారు, కానీ తగ్గిస్తే పోయే ఉత్పత్తి బహు కొంచెం, తగ్గే గాలి ఒత్తిడి ఎక్కువ. ఇనుము హాట్ డిప్ గాల్వనైజ్ చేసినదే, అంటే కరిగిన జింకులో ముంచి పూత వేసినదే వాడాలి. వెల్డింగ్ చేసిన చోట ఆ పూత పోయి తుప్పు పడుతుంది కాబట్టి బోల్టు జాయింట్లే అడగండి. నట్లు, బోల్టులు ఎస్‌ఎస్ 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి. గోపాలపూర్, ఛత్రపూర్ ఉప్పుగాలికి మామూలువి నిలవవు.

ఎర్తింగ్ గుంతలు మూడు: ప్యానెళ్లకు, ఇంట్లోకి వెళ్లే ఏసీ కరెంటు వైపుకు, పిడుగు కడ్డీకి వేరువేరుగా. డబ్బు మిగుల్చుకోవడానికి ఒకదానికే అన్నీ కలిపేస్తారు, పక్కన నిలబడి చూసుకోండి.

ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంటికి పనికొచ్చే ఏసీగా మార్చేది ఇన్వర్టర్. మామూలు ఆన్‌గ్రిడ్ (కరెంటు లైనుతో కలిసి నడిచే) ఇన్వర్టర్ లైన్‌లో కరెంటు పోగానే ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మ్యాన్‌కు షాక్ కొట్టకుండా పెట్టిన ఏర్పాటది. తుఫాను తర్వాత కూడా ఇంట్లో రెండు లైట్లు, ఒక ఫ్యాను నడవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్ (బ్యాటరీతో కూడా నడిచేది), బ్యాటరీ మొదటే అడగండి. తర్వాత మారిస్తే ఇన్వర్టర్ మళ్లీ కొనాలి.

నెట్ మీటర్ (లైను నుంచి తీసుకున్న కరెంటునూ, లైనుకు పంపినదాన్నీ లెక్కపెట్టేది) పెట్టిన రోజు దిగుమతి, ఎగుమతి రీడింగులు ఫొటో తీసి దాచండి. సగటున రోజుకు 12 యూనిట్లు రావాలి, శ్రావణ మాసం మబ్బుల్లో తగ్గుతాయి.

తుఫాను హెచ్చరిక వస్తే ముందు ఏసీ బ్రేకర్, తర్వాత డీసీ ఐసోలేటర్ (ప్యానెళ్ల వైపు స్విచ్చు) ఆపండి. ఇన్వర్టర్ నడుస్తుండగా ప్యానెల్ కనెక్టర్లు లాగితే మంట లేస్తుంది. గాలి తగ్గాక అద్దం పగిలిన ప్యానెల్ కనిపిస్తే ముట్టుకోకండి. స్విచ్చులన్నీ ఆపినా ఎండ ఉన్నంతసేపు ఆ వరుసలో 250 నుంచి 300 వోల్టుల దాకా ఉంటుంది. వెండర్‌ను పిలిపించి విప్పించండి.