కోవిడ్ కేసులు పెరిగే రోజుల్లో బెంగళూరు నుంచి కారులో ఊరికి: బయల్దేరే ముందు

కేసులు పెరుగుతున్నాయన్న వార్త రాగానే బెంగళూరులో ఉన్న మనవాళ్ళకు మొదట గుర్తొచ్చేది కారు. బస్సులో నలభై మంది మధ్య కూర్చోవాలి, రైల్లో ఇంకా ఎక్కువ, సొంత బండిలో అయితే మన నలుగురమే కదా అనుకుంటాం. ఆ లెక్క తప్పేమీ కాదు. కాకపోతే అందులో ఒక అంకె జారిపోతుంది. 2020లో వారాల తరబడి లాక్‌డౌన్ ఉండి, రోడ్లు బోసిపోయి కూడా, ఆ ఏడాది మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,31,714 మంది పోయారు. అదే ఏడాది కోవిడ్‌తో చనిపోయారని ప్రభుత్వం లెక్క చెప్పినవాళ్ళు ఇంచుమించు లక్షన్నర. రోగానికి భయపడి రోడ్డెక్కేవాళ్ళు రోడ్డుకు కూడా అంతే భయపడాలన్నమాట.

మహమ్మారి రోజుల్లో ఈ రెండు భయాలూ ఒకదానికొకటి అడ్డు తగులుతాయి. "ఎక్కడా ఆగొద్దు, ఏదీ ముట్టుకోవద్దు, ఒక్క ఊపులో ఇంటికి చేరిపోదాం" అనుకుంటాం. హైదరాబాదు సుమారు 570 కిలోమీటర్లు, విజయవాడ ఆరువందలు దాటుతుంది. నీళ్ళు తాగకుండా, కాళ్ళు చాపకుండా, ఒక్కడే స్టీరింగు పట్టుకుని అంత దూరం లాగించేస్తే వైరస్‌ను తప్పించుకుంటాడేమో గానీ కునుకును తప్పించుకోలేడు. అందుకే ఎలా ఆగకుండా వెళ్ళాలన్నది కాదు, ఎలా ఆగాలన్నదే ఇక్కడ ఎక్కువగా చెప్తాను.

అసలు వెళ్ళాలా?

ఈ ప్రశ్న ఎవరూ అడగరు. అమ్మ "పండక్కి రాకపోతే ఎలా రా" అంటుంది, మనం సర్దుకోవడం మొదలుపెడతాం. బయల్దేరడానికి అయిదారు రోజుల ముందు నుంచీ మాల్స్, ఫంక్షన్లు, ఆఫీసు పార్టీలు మానేయగలిగితేనే ఊరి ప్రయాణం పెట్టుకోండి. కోవిడ్ మొదటి రెండు అలల్లో (వేవ్‌లలో) లక్షణాలు బయటపడటానికి సగటున నాలుగైదు రోజులు పట్టేది, తర్వాత వచ్చిన ఒమిక్రాన్ రకానికి మూడు నాలుగు రోజులే. అంటే శనివారం ఊరికి వెళ్ళేవాడు గురువారం రాత్రి ఎవరి పుట్టినరోజుకో వెళ్ళొచ్చి, శనివారం ఉదయం "నాకేం లేదు, బాగానే ఉన్నాను" అంటే ఆ మాటకు విలువ లేదు.

ఇంట్లో ఎవరికైనా జ్వరమో, గొంతు నొప్పో ఉంటే ప్రయాణం ఆపేయండి. ఒక మాత్ర వేసి కారెక్కించడం చాలా ఇళ్ళలో చూస్తుంటాం. పారాసిటమాల్ జ్వరాన్ని కప్పిపెడుతుందే గానీ పక్కవాళ్ళకు అంటకుండా ఆపదు. జలుబు మాత్రలు, దగ్గు మందుల్లో చాలావాటికి మత్తు ఉంటుంది. నడిపేవాళ్ళు అవి వేసుకుని స్టీరింగు ముందు కూర్చోకూడదు. కోవిడ్ తగ్గిన కొత్తలో ఉన్నవాళ్ళూ డ్రైవింగు ఇంకొకరికి అప్పజెప్పాలి. పరీక్షలో నెగెటివ్ వచ్చినా నీరసం వారాల తరబడి ఉంటుంది. ఊళ్ళో అరగంట నడిపినప్పుడు అది తెలియదు, మూడో గంటలో తెలుస్తుంది.

నిలబడిపోయిన బండి

వర్క్ ఫ్రమ్ హోమ్‌లో బేస్‌మెంట్లో నెలల తరబడి కదలని కారును ఒక్కసారిగా హైవే ఎక్కిస్తే ముందు మొండికేసేది బ్యాటరీ. అది ఇంటి దగ్గరే మొండికేస్తుంది కాబట్టి ఫర్వాలేదు. అసలు భయం టైర్లతో. ఒకేచోట బరువు మోస్తూ నిలబడితే గాలి దిగుతుంది, రబ్బరు ఒకవైపు అణుగుతుంది. టైరు పక్క గోడ మీద ఇంగ్లీషు అక్షరాల చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైందని. అయిదారేళ్ళు దాటిన టైరు పైకి ఎంత బాగా కనిపించినా, ఎండాకాలం అనంతపురం దారిలో నిండు కారు బరువుతో నూరు మీద పరిగెత్తించే రకం కాదు. గాలి చల్లటి టైర్లలోనే చూపించాలి, అంటే బయల్దేరిన పది నిమిషాల్లోపు తగిలే బంకులో. ఎంత గాలి అన్నది డ్రైవరు తలుపు పక్కన అంటించిన స్టిక్కరు మీద ఉంటుంది. ఇద్దరున్నప్పటి లెక్క వేరు, సామానుతో అయిదుగురున్నప్పటి లెక్క వేరు.

అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్లలో ఎలుకల సంగతి మర్చిపోవద్దు. వైర్లు కొరకడం అందరికీ తెలిసిందే. ఏసీ ఫిల్టరులో గూడు పెట్టడం ఎవరూ చూడరు. మహమ్మారి రోజుల్లో మనం పీల్చే గాలంతా ఆ ఫిల్టరులోంచే రావాలి, ఒకసారి తీయించి చూడండి. బ్రేకు డిస్కులకు పట్టిన తుప్పు మామూలుగా నాలుగైదు సార్లు బ్రేకు నొక్కితే పోతుంది. పోకుండా గరగరమంటూనే ఉంటే మెకానిక్‌కు చూపించాలి. ఇవన్నీ తెలియాలంటే ఒకటే దారి: ప్రయాణానికి రెండు రోజుల ముందు దేవనహళ్ళి దాకానో నెలమంగల దాకానో ఒకసారి నడిపి రండి.

స్టెప్నీలో గాలి తప్పక చూడండి. లాక్‌డౌన్ రోజుల్లో రోడ్డు పక్క పంక్చర్ షాపులు మూసేస్తే మీ సాయం మీరే. జాతీయ రహదారి మీద ఇబ్బంది వస్తే 1033కి ఫోన్ చేయాలని కారులో ఉన్నవాళ్ళందరికీ చెప్పి పెట్టండి.

మూడు రాష్ట్రాలు, మూడు గడియారాలు

హైదరాబాదు దారిలో వెళ్ళేవాళ్ళు కర్ణాటకలో బయల్దేరి, ఆంధ్ర దాటి, తెలంగాణలో దిగుతారు. 2021 మేలో ఆంధ్రలో మధ్యాహ్నం 12 నుంచి కర్ఫ్యూ, కర్ణాటక, తెలంగాణల్లో సడలింపు ఉదయం 6 నుంచి 10 దాకా మాత్రమే. ఆ నెలలోనే కర్నూలు దాటాక పుల్లూరు టోల్‌గేటు దగ్గర రోగులతో వెళ్తున్న అంబులెన్సులనే తెలంగాణ పోలీసులు ఆపారు, హైకోర్టు చెప్తే గానీ వదల్లేదు. 2022 జనవరిలో కర్ణాటకలో వారాంతపు కర్ఫ్యూ ఉండగా, ఆంధ్రలో రాత్రి కర్ఫ్యూను సంక్రాంతి అయ్యేదాకా వాయిదా వేశారు. అంటే ఊళ్ళో పండగ కళకళలాడుతుంటే బెంగళూరులో శనివారం గడప దాటడానికి కారణం చూపించాల్సి వచ్చింది.

కాబట్టి వెళ్ళే రాష్ట్రం నిబంధన ఒక్కటే చూసుకుంటే చాలదు. దాటే రాష్ట్రానిదీ చూడాలి, తిరిగొచ్చే రోజున మన రాష్ట్రానిదీ చూడాలి. వాట్సాప్‌లో తిరిగే ఉత్తర్వుల్లో సగం కిందటి అలవి, తేదీ చూడకుండా నమ్మవద్దు. పాసు, టీకా సర్టిఫికెట్, అడిగితే ఆర్టీపీసీఆర్ రిపోర్టు, ఇవన్నీ ఫోన్లో ఉన్నా కాగితం మీద ఒక ప్రతి పెట్టుకోండి. చెక్‌పోస్ట్ క్యూలో గంటసేపు నిలబడితే చార్జింగూ అయిపోతుంది, సిగ్నలూ ఉండదు. కాగితమైతే ఫోను చేతులు మారాల్సిన పనీ తప్పుతుంది. భాష గురించి బెంగ అక్కర్లేదు, బాగేపల్లి ఇంకా కర్ణాటకే అయినా అక్కడికి తెలుగు మనకంటే ముందే చేరిపోయింది. ఫాస్టాగ్‌లో తిరుగు ప్రయాణానికి కూడా సరిపడా డబ్బులు వేసి ఉంచండి. టోల్ దగ్గర అద్దం దించి వాదన పెట్టుకునే పరిస్థితి రాకూడదు.

ఏసీ మీట

డాష్‌బోర్డు మీద కారు బొమ్మలో చుట్టూ తిరిగే బాణం గుర్తున్న మీట ఒకటి ఉంటుంది. అది నొక్కి ఉంటే లోపలి గాలే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. కారు తొందరగా చల్లబడుతుందని మనందరం దాన్ని నొక్కి వదిలేస్తాం. ఒకరికి వైరస్ ఉంటే అందరూ అదే గాలి పీలుస్తారు. ఒక్కరికీ లేకపోయినా మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ లోపలే పేరుకుని నడిపేవాడికి మగత తెస్తుంది. ఈ ఒక్క మీట తీసేసి బయటి గాలి వచ్చేలా పెడితే రెండు ప్రమాదాలూ తగ్గుతాయి. లారీ పొగ వచ్చినప్పుడు కాసేపు మూసి, వెంటనే తెరవండి.

ఒకే ఇంటివాళ్ళు కారులో మాస్కు పెట్టుకోవడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఎలాగూ ఒకే ఇంట్లో పడుకుంటున్నారు. పీజీ హాస్టల్లో ఉండే నలుగురు అయిదుగురు కలిసి పెట్రోలు డబ్బులు పంచుకుని వెళ్ళడం మాత్రం వేరే సంగతి. అక్కడ ఎన్95 మాస్కులు ఉండాలి, కిటికీలు కాస్తయినా దించి ఉండాలి. అన్నీ దించితే అన్నిటికన్నా మంచిది. కానీ హైవే మీద ఆ హోరు రెండు గంటలు భరించడం కష్టం. రెండే దించేటట్టయితే ఎవరి పక్క అద్దం వాళ్ళు దించుకోవడం కన్నా ఎదురు మూలవి దించడం మేలని, కంప్యూటరు మీద గాలి కదలికలు లెక్కగట్టిన శాస్త్రవేత్తలు 2020లో చెప్పారు. మన కార్లలో డ్రైవరు ముందు కుడివైపు, ఇంకొకరు వెనక ఎడమవైపు కూర్చుంటే, ముందు ఎడమ అద్దమూ వెనక కుడి అద్దమూ దించాలి. ఇద్దరి మధ్యా గాలి తెరలా పారుతుంది. మాస్కుతో కళ్ళద్దాలు మసకబారే డ్రైవరైతే ముక్కు దగ్గర తీగ బాగా నొక్కుకోవాలి. అప్పటికీ మసకబారితే స్టీరింగు వేరేవాళ్ళకు ఇవ్వాలి.

ఆగడం

రెండు గంటలకొకసారి పావుగంట ఆగండి. ఎక్కడ ఆగాలో ముందే అనుకుంటే భయం ఉండదు. రోడ్డు అంచున, తెల్లగీత పక్కన మాత్రం ఆపొద్దు. జనం లేరు కదా అని అక్కడ ఆపి టిఫిన్ డబ్బా విప్పుతారు, వెనక నుంచి వచ్చే లారీ డ్రైవరు కూడా నిద్రమత్తులో ఉండొచ్చు. పెద్ద బంకు ఆవరణలో చివరన, లేదా సర్వీసు రోడ్డులోకి దిగి చెట్టు కింద ఆపండి. ఢాబా అయితే ఆరుబయట మంచాలు వేసింది ఎంచుకోండి. ఏసీ హాలున్న హోటలు ఎంత శుభ్రంగా ఉన్నా ఈ రోజుల్లో అది రెండో మాటే. మాస్కు తీసేది తినేటప్పుడే కాబట్టి తినే చోటు బయట ఉండాలి.

పులిహోర, పాలల్లో కొంచెం పెరుగు తోడేసి కలిపిన అన్నం, చపాతీలు, వేరుసెనగ ఉండలు, ఇవి మధ్యాహ్నం దాకా ఆగుతాయి. నడిపేవాళ్ళకు మాత్రం నిద్ర రాకుండా పులిహోర సగమే పెట్టండి. ఎంత బతిమాలినా సరే.

ఇక ఆడవాళ్ళ ఇబ్బంది. బాత్రూములకు భయపడి తెల్లవారుజాము నుంచి నీళ్ళు తాగకుండా కూర్చుంటారు. మగవాళ్ళకు ఆ సంగతి గుర్తే ఉండదు, ఎక్కడో ఒకచోట ఆపుకుని పని కానిచ్చుకుంటారు కాబట్టి. నీళ్ళు తగ్గితే తలనొప్పి, కళ్ళు తిరగడం, మూత్రంలో మంట వస్తాయి, కదలకుండా అన్ని గంటలు కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డ కట్టే ప్రమాదమూ ఉంది. బాత్రూములో ముట్టుకునే వాటికన్నా అక్కడ కదలకుండా నిలిచిన గాలితోనే జాగ్రత్త. మాస్కు తీయకుండా వెళ్ళి, పని చూసుకుని, బయటికొచ్చి మీ సీసా నీళ్ళతో సబ్బు పెట్టి చేతులు కడుక్కోండి. ఇందుకోసమే ఒక చిన్న సంచీ విడిగా కట్టుకోండి: సబ్బు, టిష్యూలు, అయిదు లీటర్ల నీళ్ళ క్యాను, చెత్తకు కవర్లు. శానిటైజరు సీసాను ఎండలో డాష్‌బోర్డు మీద వదలొద్దు, అందులో ఎక్కువ భాగం ఆల్కహాలే. చేతికి రాసుకున్నది ఆరేదాకా అగ్గిపుల్ల గీయొద్దు.

చీకటి పడకుండా చేరేలా తెల్లవారాక బయల్దేరండి. ట్రాఫిక్ ఉండదని రాత్రి రెండింటికి లేచి వెళ్ళేవాళ్ళు చాలామంది ఉన్నారు. రెండు నుంచి అయిదు మధ్య నిద్ర ఎవరినీ వదలదు, పైగా చలికాలంలో చిక్కబళ్ళాపురం పక్క పొగమంచు. అలసిపోతే అనంతపురంలోనో కర్నూలులోనో రాత్రి పడుకోండి. కిటికీ తెరుచుకునే గది అడగండి, వెళ్ళగానే తెరిచి పెట్టండి.

దారిలో ఒంట్లో బాగోలేకపోతే

దీనికి బయల్దేరకముందే ఒక మాట అనుకోవాలి, రోడ్డు మీద తగవులాడుకోకూడదు. హైదరాబాదు దారికి నా లెక్క ఇది: అనంతపురం సుమారు 210 కిలోమీటర్లు, అది దాటకముందు జ్వరం వస్తే వెనక్కి తిరగాలి. దాటాక వస్తే కర్నూలు. అనంతపురం, కర్నూలు రెండు చోట్లా పెద్ద ప్రభుత్వాసుపత్రులున్నాయి. కారులో ఆక్సీమీటరు ఉంచండి, గోళ్ళరంగు లేని వేలికి పెట్టి నిమిషం ఆగి చూడండి. 94 కన్నా తక్కువ చూపినా, మాట్లాడుతుంటే ఆయాసం వచ్చినా ఇల్లు చేరాక చూద్దాం అనొద్దు, 108కి ఫోన్ చేయండి.

చేరాక

ఇంత జాగ్రత్తగా వెళ్ళి, గుమ్మంలోనే అంతా పోగొట్టుకునేది ఇక్కడ. పిల్లలు తాతయ్య ఒళ్ళోకి దూకుతారు, అత్త వచ్చి బుగ్గలు పుణుకుతుంది, అరగంటలో చుట్టుపక్కల అందరూ దిగిపోతారు. ఫోన్లో ముందే చెప్పి ఒప్పించండి. మొదటి మూడు నాలుగు రోజులు డాబా మీద గదిలోనో, వసారాలోనో పడక. కబుర్లన్నీ వాకిట్లో. వెళ్ళిన రోజే కోవిడ్ కిట్‌తో పరీక్ష చేసుకుని నెగెటివ్ అని చూపించడం పెద్దవాళ్ళను మభ్యపెట్టడమే. మూడో రోజునో నాలుగో రోజునో చేసుకుంటే దానికి కొంత అర్థం ఉంటుంది. నాన్నకు షుగరో, ఊపిరితిత్తుల జబ్బో ఉంటే, రెండు రోజుల సెలవుతో వెళ్ళే ప్రయాణం మానేయండి. ఆ రెండు రోజులూ దూరంగా ఉండలేరు, దగ్గరగానూ ఉండకూడదు.

తిరుగు ప్రయాణానికి ఎవరూ ఇంత ఆలోచించరు. ఆదివారం మధ్యాహ్నం విందు భోజనం చేసి, సోమవారం ఉదయం మీటింగుందని రాత్రంతా నడిపి, హెబ్బాళ దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మూతపడుతుంటాయి. సోమవారం సెలవో, ఇంటి నుంచి పనో ముందే అడిగి పెట్టుకోండి. పీజీకి వచ్చేవాళ్ళు గదిలో ఉన్నవాళ్ళకు ఒకరోజు ముందే ఫోన్ చేసి, ఊళ్ళో ఎవరికైనా దగ్గు, జ్వరం ఉన్నాయేమో దాచకుండా చెప్పండి. వేరే గది ఖాళీ ఉందేమో చూసుకునే వ్యవధి వాళ్ళకు ఉంటుంది.