పాత లైనక్స్ పీసీలో తెర నల్లబడితే: ముందు పాత డ్రైవర్ అవశేషాలు వెతకండి

కెర్నల్ (లైనక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) అప్‌డేట్ అయ్యాక తెర నల్లగా ఉండిపోతే గ్రాఫిక్స్ కార్డు పోయిందని కంగారు పడకండి. పీసీ ఆన్ కాగానే వచ్చే గ్రబ్ బూట్ మెనూ చారలు, చుక్కలు లేకుండా కనిపిస్తోందా? అయితే చాలావరకు తేడా డ్రైవర్ (కార్డును నడిపే ప్రోగ్రామ్) దగ్గరే.

ముందు ఎలాగోలా లోపలికి వెళ్లాలి. గ్రబ్‌లో మీ సిస్టమ్ పేరు మీద ఉండి 'ఈ' నొక్కండి. 'లైనక్స్' అనే మాటతో మొదలయ్యే లైను చివర ఒక ఖాళీ వదిలి, ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో 'నోమోడ్‌సెట్' (గ్రాఫిక్స్ డ్రైవర్‌ను పక్కన పెట్టమనే మాట) అని చేర్చి ఎఫ్10 కొట్టండి. ఇది ఆ ఒక్క బూట్‌కే పనిచేస్తుంది. దీన్నే శాశ్వతంగా పెట్టేసుకోమనే సలహాలు కనిపిస్తాయి, పట్టించుకోకండి. గ్రాఫిక్స్ భారమంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది, రిజల్యూషన్ కూడా సరిగా రాదు.

ఇప్పుడు టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌ను హైఫన్ ఎన్ఎన్‌కేతో నడపండి. వీజీఏ అన్న లైనులో, చదరపు బ్రాకెట్లలో కోలన్‌తో విడదీసిన రెండు నంబర్లు ఉంటాయి. మొదటిది 8086 అయితే ఇంటెల్, 1002 అయితే ఏఎండీ, 10డీఈ అయితే ఎన్విడియా. ఆ కింద వాడుకలో ఉన్న డ్రైవర్ పేరు రావాలి. నోమోడ్‌సెట్‌తో బూట్ చేశారు కాబట్టి ఆ లైను లేకపోయినా తప్పు కాదు.

అసలు తిప్పలు ఎన్విడియాతోనే. జీఫోర్స్ 8 నుంచి 300 వరకు ఉన్న సిరీస్‌లకు 340 డ్రైవర్, 400, 500 సిరీస్‌లకు 390 డ్రైవర్ చివరివి. మొదటిదాన్ని 2019తో, రెండోదాన్ని 2022తో కంపెనీ వదిలేసింది. కెర్నల్ మారినప్పుడల్లా ఆ డ్రైవర్ మాడ్యూల్ (కెర్నల్‌లో చేరే భాగం) మళ్లీ కంపైల్ కావాలి, అంటే ఆ కెర్నల్‌కు తగ్గట్టు తయారవ్వాలి. కొత్త కెర్నల్‌తో కాదు, తెర ఆరిపోతుంది. అందుకే ఇలాంటి కార్డుకు కెర్నల్‌తోనే వచ్చే నూవో అనే ఉచిత డ్రైవర్ మేలు. ఆటలకు నెమ్మదే, డెస్క్‌టాప్‌కు సరిపోతుంది.

అయితే పాత డ్రైవర్ ఉండగా నూవో పైకి రాదు. డెబియన్, ఉబుంటుల్లో ప్యాకేజీలు వేసే, తీసే ఆప్ట్‌తో ఎన్విడియా ప్యాకేజీలన్నీ పర్జ్ చేయండి. రిమూవ్ చాలదు, అది కాన్ఫిగ్ ఫైళ్లను వదిలేస్తుంది. ఎన్విడియా సైటు నుంచి తెచ్చిన డాట్ రన్ ఫైల్‌తో వేసి ఉంటే 'ఎన్విడియా హైఫన్ అన్‌ఇన్‌స్టాల్' నడపాలి. తర్వాత ఈటీసీలోని మోడ్‌ప్రోబ్ డాట్ డీ ఫోల్డర్‌లో 'బ్లాక్‌లిస్ట్ నూవో' (నూవోను లోడ్ చేయొద్దని) అన్న లైను ఏ ఫైల్లో ఉందో, ఫైళ్లలో మాటలు వెతికే గ్రెప్‌తో వెతికి తీసేయండి. ఈటీసీలోనే ఎక్స్11 ఫోల్డర్‌లో ఎక్సార్గ్ డాట్ కాన్ఫ్ ఉంటే పేరు మార్చండి. తెర మీద బొమ్మ చూపే ఎక్స్ సర్వర్ కార్డును తనంతట తానే గుర్తుపడుతుంది, ఆ ఫైల్లో 'ఎన్విడియా' అని రాసి ఉంటేనే లేని డ్రైవర్ కోసం వెతికి ఆగిపోతుంది.

చివరగా 'అప్‌డేట్ హైఫన్ ఇనిట్‌రామ్ఎఫ్ఎస్'ను హైఫన్ యూతో నడపాలి. అది పీసీ మొదలయ్యేటప్పుడు వాడే బూట్ ఇమేజ్‌ను మళ్లీ తయారుచేస్తుంది. చాలామంది మరిచిపోయేది ఇదే. బ్లాక్‌లిస్ట్ నకలు బూట్ ఇమేజ్‌లోనూ ఉంటుంది కాబట్టి, బయట చెరిపినా లోపల బతికే ఉంటుంది. ఫెడోరాలో దీని బదులు డ్రాకట్‌ను ఫోర్స్‌తో నడపాలి.

ఏఎండీ అయితే ఎక్కువగా ఫర్మ్‌వేర్ (కార్డులోకి ఎక్కే చిన్న ప్రోగ్రామ్) లోటు. కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో రేడియాన్ (ఏఎండీ డ్రైవర్) పక్కన ఫర్మ్‌వేర్ దొరకలేదన్న లైను కనిపిస్తే, డెబియన్‌లో 'ఫర్మ్‌వేర్ హైఫన్ ఏఎండీ హైఫన్ గ్రాఫిక్స్' ప్యాకేజీ వేయండి. ఇంటెల్‌కు సాధారణంగా ఏమీ వేయక్కర్లేదు.

నోమోడ్‌సెట్ లేకుండా రీబూట్ చేసి, జీఎల్ఎక్స్‌ఇన్ఫోను హైఫన్ పెద్ద బీతో నడపండి. అది మెసా యుటిల్స్ ప్యాకేజీలో ఉంటుంది. రెండరర్ లైనులో కార్డు పేరు రావాలి. 'ఎల్ఎల్‌వీఎం‌పైప్' అని వస్తే బొమ్మ గీస్తున్నది ఇంకా ప్రాసెసరే. బ్లాక్‌లిస్ట్ లైను ఇంకెక్కడైనా మిగిలిందేమో మళ్లీ గ్రెప్ చేయండి, ఈసారి యూఎస్ఆర్, లిబ్ కింద ఉన్న మోడ్‌ప్రోబ్ డాట్ డీలో కూడా.