రైతు శాసనసభ్యుడి జీవితచరిత్ర రాయడం ఎలా?

మన ఊరి పొలాల నుంచి శాసనసభకు వెళ్లిన మనిషి గురించి రాయబోయేవారు చాలామంది "సామాన్య రైతు కుటుంబంలో జన్మించారు" అని మొదలుపెట్టి, రెండో వాక్యానికే ఎన్నికల్లోకి దిగిపోతారు. అనంతపురం జిల్లాలో ఓట్లడిగే ప్రతివారూ రైతు బిడ్డలే కనుక, ఆయన సేద్యం చేశారా, చేయించారా అన్నది ముందు తేల్చుకోవాలి.

అందుకు మొదటి ఆధారం అడంగల్, అంటే ఊరి భూములు, పంటల లెక్క రాసే రెవెన్యూ పుస్తకం. అందులో పట్టాదారు పేరు ఒక గడిలో, భూమి ఎవరి స్వాధీనంలో ఉందో ఆ అనుభవదారు పేరు మరో గడిలో ఉంటాయి. ఆ రెండూ వేర్వేరయితే పొలాన్ని దున్నినది ఎవరో విచారించాలి. 2004 నుంచి పోటీ చేసినవారైతే నామినేషన్‌తో పాటు ఇచ్చిన ప్రమాణపత్రంలో భూములు, అప్పులు, కేసులు కనిపిస్తాయి. వరుస ఎన్నికల పత్రాలను పక్కపక్కన పెట్టి చదివితే, ఏ భూమి ఎప్పుడు చేరిందో, ఏది చేజారిందో తెలుస్తుంది.

తరువాత మనుషుల దగ్గరికి వెళ్లాలి. "వ్యవసాయం ఎలా ఉండేది?" అని అడిగితే ఉపన్యాసమే వస్తుంది, ఎకరాకు ఎంత వేరుశనగ విత్తనం పట్టేది, పదును ఆరకముందే గొర్రు కట్టగలిగారా, కదిరి పరిశోధన కేంద్రం రకాలు వచ్చాక పాత విత్తనం ఎందుకు మానేశారు అని అడగాలి. నేను ఒక మాజీ సభ్యుణ్ణి పంట ఎప్పుడు పీకేవారని అడిగితే, ఆయన మాట్లాడకుండా ఒక బుడ్డ (వేరుశనగ కాయ) ఒలిచి, పెంకు లోపలి వైపు నల్లబడిన చోటు వేలితో చూపించారు. ఆయన చేసిన సేద్యానికి అంతకు మించిన రుజువు నాకు అక్కర్లేకపోయింది.

పెద్దలు చెప్పే తేదీలు తరచూ తెలుగు సంవత్సరాల్లో ఉంటాయి. నందన అంటే 1952-53, మళ్లీ 2012-13. అరవై ఏళ్ల తేడా కనుక చెప్పేవారి వయసును బట్టి ఏదో నిర్ణయించుకోవచ్చు.

సభా జీవితానికి వస్తే, ఆయన కూర్చున్న సభ ఏదో సరిచూసుకోవాలి. 1952లో అనంతపురం నుంచి గెలిచిన తరిమెల నాగిరెడ్డి వెళ్లింది మద్రాసు శాసనసభకు. 1953 నుంచి 1956 వరకు ఆంధ్ర రాష్ట్ర రాజధాని కర్నూలు, ఆ తరువాత హైదరాబాదు. 2017 నుంచి సభ వెలగపూడిలో జరుగుతోంది. 1954 నాటి ప్రసంగం కోసం హైదరాబాదు సంపుటాల్లో రెండు రోజులు వెతికిన తెలివితక్కువతనం నాది. నియోజకవర్గాల పేర్లూ అంతే: 2009 ఎన్నికల నాటికి గుత్తి, గోరంట్ల, నల్లమాడ స్థానాలు రద్దయి, గుంతకల్లు, పుట్టపర్తి వంటివి వచ్చాయి. సభా కార్యకలాపాల సంపుటాల్లో ప్రసంగాల కన్నా ప్రశ్నలను ముందుగా చదవాలి. పంటల బీమా గురించో, చెరువు మరమ్మతు గురించో ఆయన ఎన్నిసార్లు అడిగారో, మంత్రి ఏమి చెప్పారో అక్కడే ఉంటుంది.

రాసినదాన్ని అచ్చుకు ఇచ్చే ముందు అనుచరులకు కాకుండా, ఆయన పొలానికి గట్టు పక్క రైతుకు చదివి వినిపించాలి. బోరు ఎండిన ఏడాది, ఎద్దులు అమ్మిన సంత, గట్టు తగాదాకు వచ్చిన పెద్దమనుషులు, ఇవన్నీ సరిదిద్దగలిగేది ఆ పొరుగు రైతే.