కారే చెవి నుంచి మెదడు దాకా: ఏ లక్షణం వెనుక ఏముంది?

సమస్య: చెవి ఏళ్ల తరబడి కారుతోంది, నొప్పి మాత్రం లేదు.

కర్ణభేరికి చిల్లు పడి, మధ్య చెవిలో ఇన్ఫెక్షన్ పాతుకుపోయి ఉంటుంది. నొప్పి లేకపోవడమే ఇక్కడ అసలు చిక్కు. ఎవరూ పట్టించుకోరు. చీము కొద్దిగానే ఉన్నా కుళ్లు వాసన వస్తుంటే కొలెస్టియటోమా అయి ఉండొచ్చు. అది క్యాన్సర్ కాదు. ఉండకూడని చోట చర్మం ఉండలా పెరిగి, చుట్టూ ఉన్న ఎముకను తినేస్తుంది. మధ్య చెవికీ మెదడుకీ మధ్య ఉన్నది పలుచని ఎముక పలకే.

పరిష్కారం: రెండు వారాలు దాటి కారితే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. చెవి శుభ్రం చేసి, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ చుక్కలు రాస్తారు. మీ అంతట మీరు ఏదో ఒకటి కొని వేయకండి. చిల్లున్న చెవిలో జెంటామైసిన్ లాంటి మందు వినికిడినే దెబ్బతీయవచ్చు. స్నానానికి ముందు వాసెలిన్ రాసిన దూది పెట్టుకుని చెవిలోకి నీళ్లు పోకుండా చూసుకోవాలి. కొలెస్టియటోమా చుక్కలతో తగ్గదు, ఆపరేషన్ తప్పదు.

సమస్య: కారే చెవి ఉన్న మనిషికి కొత్తగా తలనొప్పి, జ్వరం, వాంతులు.

ఇన్ఫెక్షన్ ఎముక దాటిందేమోనని అనుమానించాలి. మెడ బిగుసుకుపోయి, వెలుతురు చూడలేకపోతే మెదడు పొరల వాపు కావచ్చు. వణుకుతో జ్వరం వచ్చి పోతుంటే చెవి వెనుక ఉన్న పెద్ద సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. మాట తడబడటం, ఫిట్స్, నడకలో తూలడం మెదడులో చీముగడ్డకు గుర్తులు. ఈ గడ్డ చాలా మోసకారి. మొదటి జ్వరం, తలనొప్పి సర్దుకుని కొన్నాళ్లు బాగున్నట్టే అనిపిస్తుంది. ఆ తర్వాత మగత కమ్ముతుంది. జ్వరం లేకుండా కూడా గడ్డ ఉండొచ్చు.

పరిష్కారం: తెల్లవారేదాకా ఆగకుండా, మెదడు స్కాన్, న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చెవి కారే సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. తలనొప్పి అని వెళ్లినవాళ్లు చెవి మాటే ఎత్తరు. సీటీ లేదా ఎంఆర్‌ఐలో గడ్డ కనిపిస్తే వారాల తరబడి సిరలోకి యాంటీబయాటిక్స్ ఇస్తారు, అవసరమైతే చీము తీస్తారు. చెవి ఆపరేషన్ కూడా చేయించుకోవాలి. మూలం అక్కడే ఉంది.

సమస్య: కారే చెవి ఉన్న మనిషికి మూతి వంకర పోయింది, లేదా కళ్లు తిరుగుతున్నాయి, లేదా చెవి వెనుక వాచింది.

ముఖాన్ని కదిలించే నరం మధ్య చెవి పక్కనుంచే వెళ్తుంది, ఇన్ఫెక్షన్ దాన్ని తాకితే మూతి వంకర పోతుంది. ఇవి కూడా అదే రోజు ఆసుపత్రికి పోవాల్సిన లక్షణాలే.

సమస్య: చీము హఠాత్తుగా ఆగి, తలనొప్పి మొదలైంది.

తగ్గిందని సంబరపడకండి. చీముకు బయటి దారి మూసుకుపోయి ఉండొచ్చు. పైన చెప్పినట్టే వెంటనే బయల్దేరండి.