యూనిక్స్ సర్వర్లో ఇన్‌స్టాల్ అయిన సాఫ్ట్‌వేర్ సెట్టింగులను కమాండ్ లైన్ నుంచి మార్చడం ఎలా?

తిరుపతి లాడ్జీలకు యాత్రికులు వేళాపాళా లేకుండా వస్తారు. తెల్లవారుజామున మూడు గంటలకు రైలు దిగి గది తీసుకున్న కుటుంబానికి బిల్లు మీద ముందురోజు రాత్రి 9.30 అని పడితే, ఇరవై నాలుగు గంటల లెక్కన గదులిచ్చే చోట కౌంటరు దగ్గర గొడవ తప్పదు. బిల్లింగ్ ప్రోగ్రామును తప్పుపట్టే ముందు, అది నడుస్తున్న సర్వర్ ఏ టైమ్ జోన్‌లో ఉందో చూడాలి. అద్దెకు దొరికే లినక్స్ (యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్) సర్వర్లు చాలావరకు యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంటాయి, మన గడియారం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. లినక్స్ రకాలైన ఉబుంటు లేదా డెబియన్ సర్వర్, అందులో బిల్లుల వివరాలు దాచే పోస్ట్‌గ్రెస్ డేటాబేసు ఉన్నాయనుకుని, సెట్టింగులు మార్చడానికి ఉదాహరణగా ఈ తేడాను సరిచేసే పద్ధతిని వరుసగా చూద్దాం. ఆజ్ఞలను ఇక్కడ పలికే తీరులో రాశాను, టెర్మినల్‌లో (ఆజ్ఞలు టైప్ చేసే తెరలో) మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయాలి.

మొదట టైమ్‌డేట్‌సీటీఎల్ అనే ఆజ్ఞ ఇచ్చి, టైమ్ జోన్ అన్న వరుసలో ఏముందో చదవండి. యూటీసీ అని ఉంటే, సుడో (అడ్మిన్ అధికారంతో ఆజ్ఞను నడిపేది) తో కలిపి టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా అని ఇచ్చి, మళ్లీ చూసుకోండి. ఇక్కడితో ఆపరేటింగ్ సిస్టమ్ వరకు పని అయిపోయింది.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు, బిల్లుల్లో మాత్రం పాత సమయమే పడుతూ ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేసును మొదటిసారి సిద్ధం చేసినప్పుడు, ఆనాటికి సిస్టమ్‌లో ఉన్న టైమ్ జోన్‌ను అది తన సెట్టింగుల ఫైలులో రాసిపెట్టుకుంటుంది కాబట్టి, తర్వాత సిస్టమ్‌లో ఎన్ని మార్పులు చేసినా దానికి పట్టదు. అందుకని ఫైలును తెరిచే ముందు ప్రోగ్రామునే అడగాలి. పోస్ట్‌గ్రెస్ యూజర్‌గా పీఎస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్‌కు ఆజ్ఞలిచ్చే ప్రోగ్రాము) లోకి వెళ్లి షో టైమ్‌జోన్ అంటే ఇప్పుడు అమల్లో ఉన్న విలువ, షో కాన్ఫిగ్_ఫైల్ అంటే అది చదువుతున్న ప్రధాన ఫైలు ఎక్కడుందో తెలుస్తాయి. డెబియన్ కుటుంబంలో అది ఈటీసీ డైరెక్టరీలో, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ కింద, వెర్షన్ సంఖ్య పేరుతో ఉన్న ఫోల్డరులోని మెయిన్‌లో ఉంటుంది.

ఇంకా కచ్చితంగా కావాలంటే పీజీ_సెట్టింగ్స్ పట్టికలో సోర్స్, సోర్స్‌ఫైల్, సోర్స్‌లైన్ గడులు చూడండి; విలువ ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ ఫైలులో ఎన్నో లైనులో ఉందో అక్కడ ఉంటుంది. అయితే ఆ పట్టికలో పేరును వెతికేటప్పుడు టైమ్‌జోన్‌లో టీ, జెడ్ రెండూ పెద్ద అక్షరాలుగా ఉండాలి, లేకపోతే ఒక్క వరుసా రాదు. సోర్స్ గడిలో డేటాబేస్ అనో యూజర్ అనో కనబడితే, ఎవరో ఆ డేటాబేసుకో ఆ యూజర్‌కో విడిగా విలువ పెట్టారన్నమాట, అప్పుడు ఫైలును మార్చి లాభం లేదు. సోర్స్‌ఫైల్‌లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.ఆటో.కాన్ఫ్ అని వస్తే, గతంలో ఎవరో ఆల్టర్ సిస్టమ్ (ప్రధాన ఫైలును తెరవకుండా సెట్టింగు మార్చే ఆజ్ఞ) వాడారు. ప్రధాన ఫైలులో ఏం రాసినా దీనిదే పైచేయి. నలుగురు చేతులు పెట్టే సర్వర్లో ఆల్టర్ సిస్టమ్ జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

మార్చే ముందు సీపీ -పీ తో ఫైలుకు తేదీ చేర్చిన పేరుతో నకలు తీయండి. -పీ ఉంటే ఫైలు యజమాని, అనుమతులు నకలులో కూడా అలాగే నిలుస్తాయి. సెట్టింగుల ఫైళ్లు ఉండే కాన్ఫ్.డీ వంటి ఫోల్డర్లలో నకలు పేరు .కాన్ఫ్ అని ముగిస్తే ప్రోగ్రాము దాన్ని కూడా చదివేస్తుంది కాబట్టి, నకలును వేరే చోట దాచండి.

ఇక నానో ఎడిటర్‌లో టైమ్‌జోన్ లైనును ఏషియా/కోల్‌కతాగా మార్చండి. ముందు హ్యాష్ (#) గుర్తుంటే తీసేయండి. లాగ్_టైమ్‌జోన్ వేరే లైను, లాగులు (ప్రోగ్రాము రాసుకునే నమోదులు) కూడా మన సమయంలో కావాలంటేనే మార్చాలి. ఒకే పేరు రెండుసార్లు ఉంటే పోస్ట్‌గ్రెస్ చివరిదాన్ని తీసుకుంటుంది, ఎస్ఎస్‌హెచ్ సర్వర్ (దూరం నుంచి లాగిన్ కావడానికి వాడేది) మాత్రం మొదటిదాన్ని తీసుకుంటుంది. ఒక ప్రోగ్రాము అలవాటును మరో ప్రోగ్రాముకు అంటగట్టకుండా మ్యాన్ పేజీ (ఆ ప్రోగ్రాము వివరణ పత్రం) చూసుకోవడం ఉత్తమం.

సేవ్ చేశాక వెంటనే రీస్టార్ట్ చేయకండి. పీజీ_ఫైల్_సెట్టింగ్స్ పట్టికలో ఎర్రర్ గడి చూస్తే, ఫైలును అమలు చేయకముందే అందులోని తప్పులు తెలుస్తాయి. వెబ్ సర్వర్ అయిన ఎన్‌జిన్‌ఎక్స్‌కు ఎన్‌జిన్‌ఎక్స్ -టీ, ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌కు ఎస్ఎస్‌హెచ్‌డీ -టీ ఇదే పని చేస్తాయి. తప్పులేమీ లేకపోతే సెలెక్ట్ పీజీ_రీలోడ్_కాన్ఫ్() అని ఇచ్చి, షో టైమ్‌జోన్‌తో సరిచూడండి. ఈ సెట్టింగుకు రీలోడ్ (ఆపకుండానే సెట్టింగులను మళ్లీ చదివించడం) చాలు; మెమరీ కేటాయించే షేర్డ్_బఫర్స్ వంటివాటికి రీస్టార్ట్ తప్పదు, అలాంటివి పీజీ_సెట్టింగ్స్‌లోని పెండింగ్_రీస్టార్ట్ గడిలో కనిపిస్తాయి.

బిల్లింగ్ ప్రోగ్రామును మాత్రం ఒకసారి రీస్టార్ట్ చేయాలి, ఎందుకంటే నడుస్తున్న ప్రోగ్రాములు సాధారణంగా టైమ్ జోన్‌ను ఒక్కసారి చదివి అదే వాడుతూ ఉంటాయి. కౌంటరు దగ్గర జనం పలచబడ్డాక చేయడం నయం.

పాత బిల్లుల సంగతి పట్టికలోని గడి రకాన్ని బట్టి ఉంటుంది. టైమ్‌స్టాంప్‌టీజెడ్ రకమైతే విలువ లోపల యూటీసీలోనే దాగి ఉంటుంది కనుక, పాతవి కూడా ఇప్పుడు మన సమయంలో కనిపిస్తాయి. టైమ్ జోన్ లేని ఉత్త టైమ్‌స్టాంప్ అయితే పాత వరుసలు ఐదున్నర గంటలు వెనకబడే ఉంటాయి. వాటికి సమయం కలపాలనుకుంటే, సెట్టింగు మార్చిన క్షణానికి ముందువి మాత్రమే ఏరి, డేటాబేసు బ్యాకప్ తీసిన తర్వాతే ఆ పనికి పూనుకోండి.