‘సిన్స్’ పక్కన ‘ఈజ్’ రాసిన నా అనుభవం

విజయనగరంలో పోటీ పరీక్షలకు చదువుకునే రోజుల్లో ఇంగ్లీషు పేపరులో నాకు మార్కులు పోయినది మాటలు తెలియక కాదు, తెలుగు క్రియను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి దించడం వల్ల. మా జిల్లా మీద వ్యాసంలో ‘విజయనగరం ఈజ్ ఎ డిస్ట్రిక్ట్ సిన్స్ 1979’ అని రాశాను. తెలుగులో ‘1979 నుంచి జిల్లాగా ఉంది’ అంటే సరిపోతుంది గానీ, అప్పుడు మొదలై నేటికీ సాగుతున్న స్థితికి ఇంగ్లీషు ‘హాజ్ బీన్’ కోరుతుంది. దిద్దుకునే ఉత్సాహంలో ‘హాజ్ బీన్ ఫార్మ్‌డ్ ఇన్ 1979’ అని మరో తప్పు చేశాను. ఏర్పడడమన్నది ఆ ఏడాది జూన్ 1నే ముగిసిన పని కనుక అక్కడ ‘వాజ్ ఫార్మ్‌డ్’ రావాలి.

ఆ తరువాత, క్రియను ముట్టుకోకముందే కాలం చెప్పే మాట కింద పెన్సిలుతో గీత గీయడం మొదలుపెట్టాను. ‘ఎగో’, ‘యెస్టర్‌డే’, గడిచిన ఏడాదితో ‘ఇన్’ కనిపిస్తే పని అయిపోయినట్టు. ‘సిన్స్’ కనిపిస్తే లెక్క ఇప్పటిదాకా నడుస్తున్నట్టు.

‘ఆల్‌దో’ వెంట ‘బట్’ తగిలించే జబ్బు మాత్రం ఆలస్యంగా వదిలింది. ‘వాన పడినా వెళ్లాం’లో ‘నా’ ఒక్కటే చాలు; ‘పడినా గానీ’ అనడం అలవాటైన నోటికి ఆ ‘బట్’ అదనమని తోచలేదు.